మల్లి చేతుల బరువు



మాది పాకాల. రైలు కూత వినకుండా పొద్దు తెల్లారని ఊరు, పొద్దు గూకని ఊరు. జంక్షన్‌లో నిలబడితే ఒక పట్టా తిరుపతికి పోతుంది, ఒకటి కాట్పాడికి, ఇంకొకటి పీలేరు, కదిరి మీదుగా ధర్మవరానికి. ఈ ఊళ్ళోనే పుట్టి, ఈ చుట్టుపక్కల బళ్ళలోనే ముప్పై ఏళ్ళు ఆడపిల్లలకు చరిత్ర పాఠం చెప్పి రిటైరైనాను. ఎనిమిది, తొమ్మిది, పది తరగతులు. అంటే పదమూడు నుంచి పదహారేళ్ళ పిల్లలు. ఆ వయసును నా అంత దగ్గరగా, అంత కాలం చూసినవాళ్ళు తక్కువే ఉంటారని ధైర్యంగా చెప్పగలను. ఈ రోజు ఆకాశవాణి శ్రోతలతో ఒక సినిమా గురించి మాట్లాడతాను. కానీ నా మనసులో ఉన్నది ఆ వయసే.

ఆ సినిమా ‘మల్లీశ్వరి’. బి.ఎన్. రెడ్డిగారు వాహినీ సంస్థకు తీసిన చిత్రం. 1951 డిసెంబర్ 20న విడుదలైంది. భానుమతి మల్లీశ్వరి, ఎన్.టి. రామారావు నాగరాజు. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు మాటలూ పాటలూ రాశారు, సినిమాకు ఆయన కలం పట్టడం అదే మొదలు. సంగీతం సాలూరి రాజేశ్వరరావు. కథ శ్రీకృష్ణదేవరాయల కాలం నాటిది. ఈ సినిమా పేరు చెప్పగానే మనవాళ్ళు పాటలు అందుకుంటారు. పాటల తర్వాత వెన్నెల, వెన్నెల తర్వాత తుంగభద్ర. తప్పులేదు, అన్నీ అందమైనవే. కానీ డెబ్బై ఏళ్ళుగా పాటలు పాడుకుంటూ, ఆ కథలో ఉన్న పిల్లను మనం సరిగ్గా చూడలేదని నాకు అనిపిస్తుంది.

నేను మొదట చూసింది టూరింగ్ టాకీసులో, నేల టికెట్టు మీద, ఎనిమిదో తరగతిలో ఉండగా. సినిమా వచ్చి అప్పటికే పదిహేనేళ్ళు దాటింది. అమ్మ ఒక పక్క, పెద్దమ్మ ఒక పక్క, మధ్యలో నేను. తెర మీద మల్లీశ్వరి, అంటే మల్లి, ఇంటి ముందు ఆమెను తీసుకుపోవడానికి రాణివాసం పల్లకీ దిగింది. పెద్దమ్మ నిట్టూర్చి, “ఎంత అదృష్టజాతకురాలో చూడు” అన్నది. నాకు కడుపులో దేవినట్టయింది. ఎందుకో అప్పుడు తెలియలేదు. మా ఇంట్లో ఆ ఏడాదే నా పావడ మీదికి దావణి వచ్చింది. సందులో మగపిల్లలతో గోలీలాడటం ఆగిపోయింది. వద్దని ఎవరూ గట్టిగా చెప్పలేదు. పిలవడం మానేశారు, అంతే. ఆ రాత్రి టాకీసు నుంచి నడిచి వస్తూ, మల్లిని ఎవరైనా ఒక్కమాట అడిగుంటే బాగుండేది కదా అనుకున్నాను. ఆ మాట ఇప్పటికీ అనుకుంటూనే ఉన్నాను.

కథ మీకు తెలిసిందే. ఒకసారి గుర్తు చేస్తాను. వీరాపురంలో మల్లి, నాగరాజు మేనత్త మేనమామ బిడ్డలు. చిన్నప్పటి నుంచీ ఒకరినొకరు విడిచిపెట్టి ఉండరు. నాగరాజు శిల్పి కావాలనుకునే పిల్లవాడు, లేనివాడు. మల్లి తల్లి నాగమ్మకు కాస్త కలిమి ఉంది, దానికి తగ్గ ఆశ ఉంది. ఒకనాడు సంత నుంచి తిరిగి వస్తూ వీళ్ళిద్దరూ వానలో చిక్కుకుంటారు. తలదాచుకున్న చోట మల్లి ఆడుతుంది, పాడుతుంది. మారువేషంలో రాయలవారు, పక్కన అల్లసాని పెద్దన, వాళ్ళూ వానకు అక్కడే ఆగి ఉంటారు. ముచ్చటపడి మెచ్చుకుంటారు. ఎదుట ఉన్నది రాజని తెలియని నాగరాజు పొంగిపోయి, రాయలవారికి చెప్పి మా మల్లికి రాణివాసం పల్లకీ పంపించమని వేళాకోళంగా అంటాడు. పల్లకీ నిజంగానే వస్తుంది.

ఆ ఒక్క మాట దగ్గర ఆగుతాను. ఎందుకంటే కౌమారం అంటే నాకు తెలిసి అదే. నోట్లోంచి ఆటగా వచ్చిన మాటను పెద్దల లోకం అర్జీగా రాసుకునే వయసు అది. పదేళ్ళ పిల్లవాడు “నాకు పల్లకీ పంపించు” అంటే అందరూ నవ్వి ఊరుకుంటారు. ముప్పై ఏళ్ళవాడు ఆ మాట అననే అనడు. మధ్యలో ఉన్నవాడు అంటాడు. వాడి గొంతు అప్పటికే మారి ఉంటుంది, వినేవాళ్ళకు అది మగవాడి మాటలా వినిపిస్తుంది. లోపల మాత్రం వాడింకా బండి పందెం ఆడుకుంటున్న పిల్లవాడే. నా తరగతిలో ఒక పిల్ల తమాషాకు నోటుపుస్తకం వెనక అట్ట మీద బావ పేరు రాసుకుంది. పుస్తకం ఇంట్లోవాళ్ళ కంట పడింది. ఆ వేసవికి పెళ్ళి అయిపోయింది. తర్వాత ఒకనాడు సంతలో ఎదురుపడి, చంకలో బిడ్డతో, “ఊరికే రాసినాను టీచరమ్మా, అక్షరం బాగుందని” అన్నది. నాగరాజు వేళాకోళం చూసినప్పుడల్లా నాకు ఆ పిల్లే గుర్తొస్తుంది.

ఇప్పుడు దుస్తులూ నగల సంగతికి వస్తాను. చారిత్రక చిత్రం అనగానే మనం అడిగేది, ఆ కాలంలో ఆ నగ ఉండేదా, ఆ కట్టు అలా కట్టేవారా అని. చరిత్ర టీచరుగా నేనూ అడగాల్సినదాన్నే. రాయలవారు, తిరుమలదేవి, చిన్నాదేవి చేతులు జోడించి నిలబడ్డ రాగి విగ్రహాలు తిరుమల గుడిలో ఉన్నాయి. వాటి పక్కన ఈ సినిమాను పెట్టి ఎక్కడ సరిపోయింది, ఎక్కడ సరిపోలేదు అని లెక్క చూడొచ్చు. కానీ ఆ లెక్కతో ఈ సినిమా అర్థం కాదు. ఆ ఊరు, ఆ అంతఃపురం, ఆ వెన్నెల అన్నీ మద్రాసులో కళాదర్శకుడు ఎ.కె. శేఖర్ కట్టించిన సెట్లు. ఆ శైలి కావాలని ఎంచుకున్నదే. పల్లె ఎంత మెత్తగా, గాలీ వెలుతురూ ఆడేటట్టు ఉంటుందో, అంతఃపురం అంత బరువుగా ఉంటుంది. స్తంభాలు, తెరలు, వరసలుగా నిలబడ్డ చెలికత్తెలు. పల్లెలో మల్లి పరుగెత్తుతుంది, అలుగుతుంది, గట్టిగా నవ్వుతుంది. రాణివాసంలో అదే పిల్ల మెల్లగా నడుస్తుంది. నగలు పెరిగేకొద్దీ కదలిక తగ్గుతుంది. భానుమతిగారి నటనలో నేను అన్నిటికన్నా మెచ్చుకునేది ఇదే. అప్పటికి ఆమెకు ఇరవై ఆరేళ్ళు. పదహారేళ్ళ పిల్లలా కనిపించడానికి ఆమె గొంతు సన్నం చేసుకోలేదు, గారాలు పోలేదు. భుజాలు వదులుగా వదిలేసింది. రాణివాసంలోకి వచ్చాక అవే భుజాలు బిగించింది.

చరిత్ర కాగితాల్లో దీనికి తోడుగా ఒక ముక్క ఉంది. 1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ మహర్నవమి ఉత్సవాలు చూసి రాసిపెట్టాడు. రాణివాసం నుంచి అరవైమంది ఆడపిల్లలు దీపాలున్న బంగారు పాత్రలు పట్టుకుని బయటికి వస్తారట. వయసు పదహారు నుంచి ఇరవై లోపు. ఒంటి మీద కడియాలు, బంగారం, రత్నాలు ఎంత బరువంటే చాలామంది ఆ బరువు మోయలేకపోతారట. అందుకని పక్కనే వేరే ఆడవాళ్ళు నడుస్తూ వాళ్ళ చేతులు పట్టి నిలబెడతారట. పేస్ ఆ సంపదను చూసి అబ్బురపడి రాశాడు. ఈ ముక్క తరగతిలో చెప్పినప్పుడల్లా నేను బంగారం దగ్గర ఆగేదాన్ని కాదు, వయసు దగ్గర ఆగేదాన్ని. పదహారు! నా ఎదుట బెంచీల మీద కూర్చున్నవాళ్ళ వయసు. ఎవరో మోచేయి పట్టుకుంటే తప్ప తన చెయ్యి తాను ఎత్తలేని పదహారేళ్ళ పిల్లను ఊహించుకోండి.

ఊహించుకోనక్కరలేదు కూడా. మొన్న మా తమ్ముడి కూతురికి సమర్త చేశారు, పాకాలలోనే. పదమూడేళ్ళ పిల్ల. కళ్యాణమండపం, స్టేజీ, పూల కుర్చీ. అద్దె నగల సెట్టు వచ్చింది. రెండు చేతులకూ వంకీలు, నడుముకు వడ్డాణం, జడ పొడుగునా బిల్లలు, ముంజేతి నుంచి మోచేయి దాకా గాజులు. మేనమామ తెచ్చిన పట్టుచీర పిల్ల కన్నా పెద్దది, పదహారు పిన్నులతో నిలబెట్టారు. పొద్దున తొమ్మిదికి కూర్చుంది. ఆకూవక్కా, చందనం, అక్షింతలు, ఫోటో, మళ్ళీ ఫోటో. పదకొండున్నరకు నేను దగ్గరికి పోతే, పెదాలు కదపకుండా, “ఇవన్నీ ఎప్పుడు తీసేస్తారత్తా? చేతులు లాగతా ఉండాయి” అన్నది. కుర్చీ పక్కన నేల మీద దాని పిన్ని కూతురు, ఎనిమిదేళ్ళది, కూర్చుని ఉంది. ఫోటోలు తీసేవాడు అటు తిరిగినప్పుడల్లా అక్క చెయ్యి ఎత్తి తన తల మీద పెట్టుకుంటోంది, అక్కకు బరువు తగ్గాలని. వంకీ ఒరిసిన చోట ఎర్రగా చార పడి ఉంది. ఎవరూ చెడ్డవాళ్ళు కారు ఆ మండపంలో. అందరూ ప్రేమతోనే వచ్చారు, ప్రేమతోనే చందనం పూశారు. పేస్ చూసిన రాణివాసంలోనూ, నాగమ్మ ఇంట్లోనూ కూడా ప్రేమ లేదని నేను అనను.

నాగమ్మ గురించి ఒక మాట. మనవాళ్ళు ఆమెను దురాశ అని ఒక్క మాటతో కొట్టిపారేస్తారు. ఋష్యేంద్రమణిగారు ఆ పాత్రను అలా చెయ్యలేదు. బంగారం చూసి కళ్ళు తిరిగిన మాట నిజం. కానీ ఆ కళ్ళలో కూతురి మీద గర్వం ఉంది. తన బిడ్డ ఇంకా చిన్నపిల్లే అని ఆ తల్లి ఒక్క క్షణం మరిచిపోయింది. మనం ఎన్నిసార్లు మరిచిపోతామో లెక్కపెట్టుకుంటే నాగమ్మను తిట్టే ధైర్యం ఉండదు.

నాలుగేళ్ళ కిందట మా మనవరాలు తన కంప్యూటర్‌లో ఒక సినిమా పెట్టి నన్ను కూర్చోబెట్టింది. ‘మేరీ ఆంటోయినెట్’. సోఫియా కొప్పోలా అనే అమెరికన్ దర్శకురాలు 2006లో తీసింది. ఫ్రాన్సు రాణి మేరీ ఆంటోయినెట్ కథ, నేను తరగతిలో ఫ్రెంచి విప్లవం పాఠంలో ఏడాదికోసారి చెప్పిన రాణి. ఆమెకు పెళ్ళి 1770లో, పద్నాలుగేళ్ళ వయసులో. పెళ్ళికొడుక్కి పదిహేను. ఆస్ట్రియా నుంచి బండిలో వచ్చిన ఆ పిల్లను సరిహద్దు దగ్గర ఆపి, ఒంటి మీది ఆస్ట్రియా బట్టలన్నీ విప్పించి, ఫ్రెంచి బట్టలు తొడిగిస్తారు. సినిమాలో ఆమె పెంచుకున్న కుక్కపిల్లను కూడా అక్కడే తీసేసుకుంటారు. ఆ దృశ్యం చూస్తూ నేను కుర్చీలో ముందుకు జరిగాను. ఇది మన పల్లకీయే కదా! తర్వాత సినిమా అంతా గౌన్లు, బూట్లు, విసనకర్రలు, మిఠాయిలు. ఆ దుస్తులు కుట్టించిన మిలెనా కానొనెరోకు ఆస్కార్ వచ్చింది. చిత్రీకరణ అసలు వెర్సాయ్ రాజభవనంలోనే జరిగింది. అయినా ఆ సినిమాను కాన్ ఉత్సవంలో చూపినప్పుడు కొందరు అరిచి గేలి చేశారు. విప్లవం ఏది, ఆకలి ఏది, చరిత్ర ఏది అని వాళ్ళ కోపం. ఇరవై ఏళ్ళు నిండకుండానే సింహాసనం మీద కూర్చున్న ఇద్దరు పిల్లల దిగులు కొప్పోలా తీసింది. విప్లవం ఆ పిల్లలకు ఎంత దూరంగా కనిపించిందో సినిమాలోనూ అంత దూరంగానే ఉంది. నాకు అది న్యాయంగానే తోచింది.

ఆ సినిమాలో ఒక సంగతి నన్ను మళ్ళీ మల్లీశ్వరి దగ్గరికి తీసుకొచ్చింది. పద్దెనిమిదో శతాబ్దపు రాణి నాట్యం చేస్తుంటే వెనక వినిపించేది 1980ల నాటి పాశ్చాత్య గిటార్ పాటలు. మనవరాలు నవ్వి, “కాలం కలవడం లేదు కదా అవ్వా” అన్నది. నేను లెక్క వేశాను. ఆ దర్శకురాలు పుట్టింది 1971లో. 1980ల నడుమ ఆమెకు పదిహేనేళ్ళు. అంటే రాణికి తన కౌమారపు పాటలు ఇచ్చింది. వెంటనే మన బి.ఎన్. రెడ్డిగారు గుర్తుకొచ్చారు. కడప జిల్లా పులివెందుల తాలూకా మనిషి, 1908లో పుట్టారు. ఆయన పదిహేడేళ్ళవాడైన 1925లోనే కృష్ణశాస్త్రిగారి ‘కృష్ణపక్షం’ వచ్చింది. ఆంధ్రదేశపు కుర్రకారు అంతా భావకవిత్వం మత్తులో ఉన్న కాలం. మరి మల్లీశ్వరిలో మల్లి, నాగరాజు మాట్లాడే భాష ఏది? పదహారో శతాబ్దపు తెలుగు కాదు, పెద్దన ప్రబంధ భాష కాదు, వీరాపురం శిల్పుల మాట కూడా కాదు. 1920ల భావకవుల తెలుగు. విరహం, వెన్నెల, మేఘం, ఎవరికీ చెప్పుకోలేని బెంగ. నలభై దాటిన దర్శకుడు రాయల కాలం కథ తీయబోయి, తన పదిహేడేళ్ళ గొంతు తెచ్చి ఆ పిల్లల నోట పెట్టాడు. చరిత్ర పరీక్షలో దీనికి మార్కులు పడవు. కానీ 1951లో మల్లి అంత నిజమైన పిల్లగా కనిపించడానికి కారణం అదేనని నేను గట్టిగా నమ్ముతాను. రాజేశ్వరరావుగారి బాణీలు ఆ గొంతుకు సరిపోయాయి. భానుమతి, ఘంటసాల పాడారు. ఈ సినిమాకు చైనా భాషలో ఉపశీర్షికలు వేసి ఆ దేశంలో కూడా చూపించారు. కృష్ణశాస్త్రిగారి తెలుగు ముక్క తెలియని వాళ్ళు ఏం చూసి ఉంటారు? పల్లకీ ఎక్కిన పిల్లను చూసి ఉంటారు.

కథకు మూలం కూడా చెప్పాలి. ఈ ఆకాశవాణిలోనే పనిచేసిన రచయిత బుచ్చిబాబుగారి నాటిక ‘రాయలవారి కరుణకృత్యం’, దేవన్ షరార్ రాసిన ఒక ఇంగ్లీషు కథ, ఈ రెండింటి నుంచి బి.ఎన్. రెడ్డిగారు ప్రేరణ తీసుకున్నారు. నాటిక పేరులోనే తీర్పు ఉంది చూడండి. కరుణ రాయలవారిది. సినిమా ముగింపూ అదే. రాణివాసంలోకి చొరబడ్డ నాగరాజు దొరికిపోతాడు, ఇద్దరికీ మరణశిక్ష పడే వేళకు వానలో విన్న ఆ మాట వేళాకోళమేనని తెలుసుకుని రాయలవారు క్షమిస్తారు. నాకు ఈ సినిమాలో నచ్చని చోటు ఇదొక్కటే. క్షమించడానికి ఆ పిల్లలు చేసిన తప్పేమిటి? మారువేషంలో ఉన్నది రాజు. మాటలోని ఆట తెలుసుకోవాల్సిన పెద్దవాడు ఆయన. పక్కన ఆంధ్ర కవితాపితామహుడంతటివాడు ఉన్నాడు, ఆయనకైనా తెలియాలి కదా! పెద్దలు పొరబడి, చివరికి పెద్దలే క్షమించినట్టు ముగించడం మనకు బాగా అలవాటైన ముగింపు. చూసినప్పుడల్లా నా మనసు అక్కడ మొరాయిస్తుంది.

రాణివాసం మాట వచ్చింది కాబట్టి ఇంకొక సంగతి. బడిలో ఉన్నప్పుడు ఏటా తొమ్మిదో తరగతి పిల్లల్ని చంద్రగిరికి తీసుకుపోయేదాన్ని. మాకు రైల్లో ఎంతో దూరం కాదు. 1565 యుద్ధంలో విజయనగరం పడిపోయాక పెనుకొండ, ఆ తర్వాత చంద్రగిరి రాజధాని అయింది. కొండ కింద రాజమహల్ ఉంది, మూడంతస్తులు, రాయి, ఇటుక, సున్నంతో కట్టింది. ఇప్పుడు పురావస్తు శాఖ మ్యూజియం. దాని పక్కనే కాస్త చిన్నగా రాణీమహల్. రాజమహల్‌లో పిల్లలు విగ్రహాలు చూసి, పేర్లు నోటుపుస్తకాల్లో రాసుకుని చకచకా బయటికి వచ్చేసేవాళ్ళు. రాణీమహల్ ముందు మాత్రం ఆగేవాళ్ళు. ప్రతి ఏడూ ప్రశ్నలు దాదాపు ఒక్కటే. రాణులు నీళ్ళు ఎక్కడ పోసుకునేవాళ్ళు టీచరమ్మా? తలుపు లోపలి నుంచి వేసుకునేవాళ్ళా, బయటి నుంచా? ఒక ఏడాది వెనక బెంచీలో కూర్చునే పిల్ల ఒకతి, ఎప్పుడూ నోరు విప్పనిది, అడిగింది: “వాళ్ళమ్మ చూసేదానికి వచ్చేదా?” పాఠ్యపుస్తకంలో ఆ ప్రశ్నకు జవాబు లేదు. నేను ఆ పిల్ల పక్కన మెట్టు మీద కూర్చుని మల్లి కథ చెప్పాను. అన్నం మూటలు విప్పిన పిల్లలు ఒక్కొక్కరే వచ్చి చుట్టూ చేరారు. పల్లకీ వచ్చే చోటికి రాగానే, “మల్లి ఏమన్నది?” అని నాలుగైదు గొంతులు ఒక్కసారే అడిగాయి. మా పెద్దమ్మకు రాని ప్రశ్న అది. ఆ పిల్లలకు ముందుగా వచ్చింది.

శ్రోతలకు ఒక మనవి చేసుకుని ముగిస్తాను. మల్లీశ్వరి మీరు పదిసార్లు చూసి ఉండవచ్చు. ఇంట్లో పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్ల ఉంటే ఈ ఆదివారం ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని ఇంకొకసారి చూడండి. మధ్యలో పాటల గొప్ప చెప్పకండి, ఆ రోజుల గొప్ప చెప్పకండి. పల్లకీ వచ్చి వాకిట్లో దిగిన చోట సినిమా ఆపి, నువ్వైతే ఏం చేస్తావమ్మా అని అడగండి. అడిగి, జవాబు చెప్పేదాకా ఆగండి.